మేధో వైకల్యం ఉన్న పిల్లలకు పదో తరగతి తర్వాత ఏమిటి? కాలేజీ, బస్సు, ఓటు: అపోహలు - వాస్తవాలు

పదహారేళ్లు వచ్చేసరికి స్పెషల్ స్కూలు "ఇక మా దగ్గర నేర్పేది లేదండీ" అంటుంది. మామూలు కాలేజీ "మా దగ్గర కుదరదు" అంటుంది. ఆ మధ్యలో పిల్లవాడు ఇంట్లో కూర్చుంటాడు. అలా ఏడాది గడిస్తే అప్పటిదాకా నేర్చుకున్నది కూడా జారిపోతుంది: గడియారం చూడటం, చిల్లర లెక్కపెట్టడం, కొత్తవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడటం. ఇలా కూర్చోబెట్టడానికి కారణాలు అడిగితే చాలావరకు తప్పుడు లెక్కలే బయటపడతాయి. స్పెషల్ ఎడ్యుకేటర్లుగా మేం ఎక్కువగా వినే మాటలనే ఇక్కడ తీసుకున్నాం.

అపోహ: సర్టిఫికెట్‌లో 75 శాతం అని ఉంది, అంటే మా వాడికి పాతిక శాతమే తెలివి ఉంది.

ఆ అంకె తెలివిని కొలిచింది కాదు. మేధో వైకల్యానికి సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ఐక్యూ పరీక్షతో పాటు రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలరో చూసే వైన్‌ల్యాండ్ స్కేల్ కూడా వాడతారు. దాన్నిబట్టి స్థాయి నిర్ణయిస్తారు. స్థాయికి ఒక శాతం ముందే ఖాయం చేసి ఉంటుంది: స్వల్పానికి 50, మధ్యస్థానికి 75, తీవ్రానికి 90, అతి తీవ్రానికి 100. అంటే మధ్యస్థ స్థాయి ఉన్న ప్రతి ఒక్కరికీ 75 అనే పడుతుంది. వాళ్లలో ఒకరు సొంతంగా కొట్టుకెళ్లి సరుకులు తేగలరు, ఇంకొకరికి బట్టలు వేసుకోవడానికే సాయం కావాలి. అందుకే ఆ అంకె చూసి ఏ కోర్సు అని నిర్ణయించకండి. అది పథకాలకు, రిజర్వేషన్‌కు తాళంచెవి, అంతవరకే. చాలా వాటికి కనీసం 40 శాతం ఉండాలి.

దీంట్లో అసలు చిక్కు తేదీల దగ్గర వస్తుంది. చిన్నప్పుడు తీసుకున్న సర్టిఫికెట్‌ను 10 ఏళ్లప్పుడు, మళ్లీ 18 ఏళ్లప్పుడు కొత్తగా చేయించాలి. 18 నిండాక ఇచ్చేది శాశ్వతం. అడ్మిషన్ వారంలో చూసుకుంటే గడువు దాటి ఉంటుంది, సర్టిఫికెట్ ఇచ్చే వైద్య క్యాంపు తేదీ దొరకదు, సీటు పోతుంది. 18 నిండిన నెలలోనే ఆ పని మొదలుపెట్టండి. యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డులో, ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరు, ఇంటిపేరు ఒకే వరుసలో ఉన్నాయా చూసుకోండి. ఇంటిపేరు ఒక దాంట్లో ముందు, ఇంకో దాంట్లో వెనుక ఉండటం వల్ల ఆగిపోయే దరఖాస్తులు తక్కువేమీ కావు.

అపోహ: పదో తరగతి లేదు, కాబట్టి చదువు అయిపోయినట్టే.

ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ సార్వత్రిక విద్యాపీఠం ఉంది. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి చేరొచ్చు, పై వయసుకు హద్దు లేదు. తెలుగు మాధ్యమంలోనూ రాయొచ్చు. కనీసం ఒక భాషతో కలిపి ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. వీటికి ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు: ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్. పాస్ మార్కులు 33 శాతం. మన రెండు రాష్ట్రాల ఓపెన్ స్కూల్ సొసైటీలదీ ఇలాంటి దారే.

ఈ సౌకర్యం మేధో వైకల్యం ఉన్నవారికి ఇంతగా సరిపోవడానికి కారణం ఆ ఐదేళ్లే. కానీ చాలామంది ఆ వెసులుబాటును వాడుకోరు. ఐదు సబ్జెక్టులకూ ఒకేసారి ఫీజు కట్టి, ఐదూ పోయాక "వీడి వల్ల కాదు" అని తీర్మానించేస్తారు. మొదటి విడతలో ఒకటి, గట్టిగా అయితే రెండు రాయించండి. మొదటిది పిల్లలు ఇష్టపడేది, చేతితో చేసేది అయి ఉండాలి. పెయింటింగ్, డేటా ఎంట్రీ లాంటి వాటిలో థియరీ కంటే ప్రాక్టికల్‌కే ఎక్కువ మార్కులు. హోమ్ సైన్స్‌లో వంటింటికి, బట్టలకు, ఆరోగ్యానికి సంబంధించిన పాఠాలుంటాయి కాబట్టి ఇంట్లో చూపించి చెప్పొచ్చు. ఒక్క సబ్జెక్టు పాసైన మెమో చేతిలో పడితే పిల్లల తీరే మారుతుంది. ఇది మేం ఊరికే అంటున్న మాట కాదు, తర్వాతి సబ్జెక్టుకు కూర్చునే సమయంలోనే తేడా కనిపిస్తుంది.

ఫెయిలయ్యేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, టీఎంఏ అనే అసైన్‌మెంట్లు. వీటికి 20 శాతం వెయిటేజీ ఉంది. ఇంట్లో కూర్చుని, పుస్తకం చూసుకుంటూ రాయగలిగేవి. వాటిని వదిలేయడం అంటే చేతిలో ఉన్న మార్కులు పారేసుకోవడమే. రెండు, ప్రాక్టికల్ తేదీ. అది థియరీ పరీక్షతో పాటు రాదు, విడిగా ఉంటుంది. స్టడీ సెంటర్‌ను అడిగి తెలుసుకోవాలి.

ఒక జాగ్రత్త. సబ్జెక్టులు ఎంచుకునే ముందు ఆ తర్వాత ఏం చేయాలనుకుంటున్నారో ఒకసారి చూసుకోండి. పాలిటెక్నిక్ అయితే గణితం కావాలి. కొన్ని ఐటీఐ ట్రేడ్లకు ఎనిమిదో తరగతి చాలు.

అపోహ: స్క్రైబ్‌ను పెడతారు కదా, రాసేస్తారు.

స్క్రైబ్ అంటే విద్యార్థి బదులు పరీక్ష పేపరు రాసిపెట్టే మనిషి. విద్యార్థి నోటితో చెప్పిందే స్క్రైబ్ రాయాలి. చెప్పకపోతే కాగితం తెల్లగానే ఉంటుంది. పైగా మేధో వైకల్యం ఉన్నవారికి స్క్రైబ్ దానంతట అదే రాదు. సొంతంగా రాయలేరని ప్రభుత్వ ఆసుపత్రి నుంచి నిర్ణీత నమూనాలో పత్రం తీసుకుని, పరీక్ష బోర్డుకు ముందుగా దరఖాస్తు చేయాలి. అదనపు సమయం గంటకు 20 నిమిషాలు. మూడు గంటల పేపరు నాలుగు గంటలవుతుంది.

ముందు నుంచీ సాధన లేకపోతే ఆ నాలుగు గంటలూ వృథానే. ఇంట్లో అమ్మతో గలగలా చెప్పే అమ్మాయి పరీక్ష హాల్లో కొత్త మనిషి పక్కన కూర్చోగానే బిగుసుకుపోతుంది. కనీసం మూడు నెలల ముందు నుంచి రోజూ పావుగంట చెప్పి రాయించే అలవాటు చేయండి. రాసే మనిషిని వారానికోసారి మార్చండి: పక్కింటి అక్క, బాబాయి, ట్యూషన్ సార్. నాలుగు వాక్యాలు మాత్రం నోటికి వచ్చేయాలి: "ప్రశ్న మళ్లీ చదవండి." "ఇది తర్వాత చెప్తాను." "నేను చెప్పింది చదివి వినిపించండి." "బాత్రూమ్‌కి వెళ్లాలి." నాలుగో వాక్యాన్ని తేలిగ్గా తీసుకోకండి. అది అడగలేక పేపరు మధ్యలో లేచి వచ్చేసిన పిల్లలున్నారు.

అపోహ: కాలేజీ అంటే డిగ్రీ. అది చేయలేనప్పుడు కాలేజీ ఎందుకు?

వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం, అంతకు పైబడిన వైకల్యం ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లు ఉన్నాయి. పై వయసులో ఐదేళ్ల సడలింపు ఉంది. స్వల్ప స్థాయి ఉన్నవారిలో కొందరు ఆర్ట్స్ డిగ్రీ నెమ్మదిగా పూర్తి చేయగలరు. హైదరాబాద్‌లోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం లాంటి చోట దూరవిద్యలో అయితే రోజూ క్లాసుల ఒత్తిడి ఉండదు.

మధ్యస్థ స్థాయి ఉన్నవారిని డిగ్రీ సిలబస్‌లోకి తోయడం మాత్రం మేం సమర్థించం. రిజర్వేషన్‌తో సీటు వస్తుంది, పాఠం అర్థం కాదు, రెండో సెమిస్టర్‌కల్లా బ్యాగు మూలన పడుతుంది. వాళ్లకు ఐటీఐ, సర్టిఫికెట్ కోర్సులు, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ మార్గదర్శనంలో వృత్తి శిక్షణ నయం. పొద్దున్నే తయారై ఒక చోటికి వెళ్లడం, తోటి వయసువాళ్లతో క్యాంటీన్‌లో కూర్చోవడం, గడువులోగా పని అప్పజెప్పడం: కాలేజీ నేర్పేవి ఇవి కూడా, ఇవి ఏ కోర్సులోనైనా దొరుకుతాయి.

ఏ కోర్సయినా ప్రిన్సిపాల్‌కు మొదటి వారంలోనే ఒక పేజీ ఉత్తరం ఇవ్వండి. జబ్బు చరిత్ర రాయకండి. ఏం కావాలో రాయండి: ముందు బెంచీలో చోటు, బోర్డు ఫొటో తీసుకునే అనుమతి, నోటి మాటగా చెప్పిన ప్రతి పనినీ కాగితం మీద రాసివ్వడం, సందేహం వస్తే అడగడానికి ఒక లెక్చరర్ పేరు.

నోట్స్ తేలిక చేయడం ఇలా. పుస్తకంలో "బ్యాంకులు ప్రజల నుంచి డిపాజిట్లు స్వీకరించి, ఆ నిధులను అవసరమున్నవారికి రుణాలుగా అందజేస్తాయి" అని ఉందనుకోండి. దాన్ని ఇలా విడగొట్టాలి: "మనం బ్యాంకులో డబ్బు దాస్తాం. దాని పేరు డిపాజిట్. బ్యాంకు ఆ డబ్బు వేరేవాళ్లకు అప్పు ఇస్తుంది. దాని పేరు రుణం." ఒక వాక్యానికి ఒకటే విషయం. అక్షరాలు పెద్దవి, పేజీకి ఐదారు వాక్యాలు, పక్కన ఒక బొమ్మ. పరీక్షలో అడిగే మాటలను మార్చేయకూడదు. డిపాజిట్, రుణం అనే పదాలు అలాగే ఉండాలి. తేలిక చేస్తున్నామని ఆ పదాలు తీసేస్తే ప్రశ్నపత్రంలో వాటిని గుర్తుపట్టలేరు.

అపోహ: ఒంటరిగా బస్సులో పంపలేం, కాబట్టి కాలేజీ కుదరదు.

నిజానికి కాలేజీ చదువు ఆగిపోయేది పుస్తకాల దగ్గర కాదు, బస్‌స్టాప్ దగ్గర. తీసుకెళ్లి దింపే నాన్నకు షిఫ్టు మారితే చదువు మానేస్తారు. అందుకే బస్సు ప్రయాణాన్ని ఒక సబ్జెక్టులా నేర్పాలి. అడ్మిషన్‌కు ఆరు నెలల ముందే మొదలుపెట్టండి.

మొదట పక్కన కూర్చుని వెళ్లండి, ప్రతి అడుగూ చెప్తూ. తర్వాత పక్కనే ఉండి నోరు మూసుకోండి. ఆపై రెండు సీట్ల వెనుక. ఆపై బస్సెక్కించి బండి మీద వెనకాల వెళ్లండి, దిగే చోట మీరుండాలి. చివరికి దిగాక ఫోన్ చేస్తే చాలు. వరుసగా ఐదు ప్రయాణాలు తప్పు లేకుండా జరిగితేనే తర్వాతి మెట్టు. ఒక్కటి తప్పినా వెనక్కి ఒక మెట్టు, కోప్పడకుండా.

ఎక్కువమంది చేసే పొరపాటు, "ఏడో స్టాప్‌లో దిగు" అని నేర్పడం. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు లేకపోతే బస్సు కొన్ని స్టాపుల్లో ఆగదు; లెక్క తప్పుతుంది. దానికి బదులు మన స్టాప్‌కు ముందు వచ్చే గుర్తు నేర్పండి: పెట్రోల్ బంక్, గుడి గోపురం, ఫ్లైఓవర్. దాని ఫొటో ఫోన్‌లో ఉండాలి. అది కనిపించగానే సీట్లోంచి లేవాలి. బోర్డుల మీద ఉండే ప్రకటనలను గుర్తుగా పెట్టకండి, నెల తిరక్కుండానే మారిపోతాయి.

తప్పు జరిగినప్పుడు ఏం చేయాలో కూడా కావాలనే సాధన చేయించాలి. ఒకరోజు మీరు తోడుండి, ఒక స్టాప్ దాటాక దిగనివ్వండి. కండక్టర్‌ను ఎలా అడగాలో, ఇంటికి ఫోన్ ఎలా చేయాలో అప్పుడే వస్తుంది. ఫోన్ ఛార్జింగ్ అయిపోతే చూపడానికి చొక్కా జేబులో రెండు నంబర్లున్న కార్డు ఉండాలి. అమ్మాయిలకు ఇంకో అడుగు: ఉచిత ప్రయాణమైనా ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. టికెట్ అక్కర్లేదనుకుని కూర్చుంటే తనిఖీలో భయపడిపోతారు.

అపోహ: 18 నిండగానే గార్డియన్‌షిప్ (చట్టపరమైన సంరక్షకత్వం) తీసుకోవాలి, ఇక ఓటు, బ్యాంకు ఖాతా ఉండవు.

నేషనల్ ట్రస్ట్ చట్టం 1999 కింద కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీ గార్డియన్‌ను నియమించగలదు. అవసరమైనవారికి అది మేలు. అందరికీ తప్పనిసరి కాదు. 2016 చట్టంలో పరిమిత సంరక్షకత్వం ఉంది: ఫలానా విషయానికి, ఫలానా కాలానికి, ఆ వ్యక్తితో కలిసి నిర్ణయం తీసుకోవడం. స్వల్ప స్థాయి ఉన్న పెద్దవారికి చాలాసార్లు ఇది సరిపోతుంది.

ఓటు విషయం స్పష్టంగా చెప్పాలి. మతి స్థిమితం లేదని న్యాయస్థానం ప్రకటించినవారికే ఓటు ఉండదు. మేధో వైకల్య సర్టిఫికెట్ అలాంటి ప్రకటన కాదు. 18 నిండితే ఫారం 6 నింపి అందరిలాగే నమోదు చేసుకోవచ్చు. వైకల్యం వల్ల సొంతంగా ఓటు వేయలేని వారి వెంట 18 ఏళ్లు నిండిన సహాయకుడిని లోపలికి అనుమతించే నిబంధన ఉంది. ఆ నిర్ణయం ప్రిసైడింగ్ అధికారిది. ఒక సహాయకుడు ఆ రోజు ఒక్కరికే తోడు వెళ్లగలడు. ఎవరికి వేయాలో ఇంట్లోవాళ్లు చెప్పేయడం సాయం కిందికి రాదు. అభ్యర్థుల ఫొటోలు, గుర్తులు అట్టముక్కల మీద అంటించి, ఎవరు ఏమంటున్నారో మామూలు మాటల్లో చెప్పండి. బటన్ నొక్కాక బీప్ వస్తుందని, పక్క పెట్టెలో చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుందని ముందే చెప్తే లోపల కంగారుపడరు.

అపోహ: డిసెంబర్ 3న స్టేజీ ఎక్కించాం కదా, సమాజంలో కలిసినట్టే.

డిసెంబర్ 3 అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం. ఆ ఒక్క రోజు శాలువా కప్పడం వల్ల మిగతా 364 రోజుల్లో ఏమీ మారదు. ఎప్పుడూ ఒకే రోజు, ఒకే సమయం, ఒకే బాధ్యత: ఈ మూడూ కుదిరితేనే పదిమందిలో మనిషికి చోటు ఏర్పడుతుంది. వినాయక మండపంలో ప్రసాదం పొట్లాలు కట్టే పనే తీసుకోండి. 20 గళ్లు గీసిన పళ్లెం ఇస్తే, గడికొక పొట్లం పెడితే లెక్క దానంతట అదే కుదురుతుంది. అంకెలు రాకపోయినా పని తప్పదు. లైబ్రరీలో పేపర్లు సర్దడం, గుడిలో చెప్పుల టోకెన్లు ఇవ్వడం కూడా ఇలాగే. పక్కనున్నవాళ్లు జాలిపడి ఆ పని లాగేసుకోకుండా చూడటమే మన వంతు.

ఆటల వైపు ఆసక్తి ఉంటే స్పెషల్ ఒలింపిక్స్ భారత్ ఉంది. 8 ఏళ్ల నుంచి పోటీల్లో పాల్గొనవచ్చు, పై వయసు హద్దు లేదు. యూనిఫైడ్ స్పోర్ట్స్‌లో వైకల్యం ఉన్నవారు, లేనివారు ఒకే జట్టులో ఆడతారు. కాలేజీలో స్నేహాలు కుదరడానికి ఇంతకంటే సులువైన దారి మాకు తెలియదు.

అపోహ: అమెరికాలో అయితే ఈ బాధలేమీ ఉండవు.

అక్కడున్న తెలుగు కుటుంబాలు ఒక విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. మామూలు హైస్కూల్ డిప్లొమా తీసుకుంటే ఐఈపీ (వైకల్యం ఉన్న విద్యార్థికి స్కూలు రాసిచ్చే వ్యక్తిగత విద్యా ప్రణాళిక) కింద వచ్చే సేవలు ఆగిపోతాయి. తీసుకోకపోతే రాష్ట్రాన్నిబట్టి 21, 22 ఏళ్లదాకా కొనసాగొచ్చు. గ్రాడ్యుయేషన్ గౌను వేసుకునే ముందే ఐఈపీ సమావేశంలో ఇది తేల్చుకోండి. అక్కడి 2008 ఉన్నత విద్యా చట్టం తర్వాత మేధో వైకల్యం ఉన్నవారి కోసం ప్రభుత్వ ఆమోదం పొందిన ప్రత్యేక కాలేజీ ప్రోగ్రాములు వచ్చాయి. వాటికి మామూలు డిప్లొమా లేకపోయినా పెల్ గ్రాంట్ అనే ప్రభుత్వ ఆర్థిక సాయానికి దరఖాస్తు చేయొచ్చు. కానీ హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకు ఆ గ్రాంట్ రాదు, గ్రీన్ కార్డు ఉండాలి.

అపోహ: మా పిల్ల అమాయకురాలు, తననెవరు ఏం చేస్తారు?

అమాయకంగా కనిపించేవారినే ఎంచుకుని మోసం చేస్తారు. "పెద్దవాళ్లు చెప్పింది వినాలి" అని పదిహేనేళ్లు నేర్పి, కాలేజీకి పంపాక హఠాత్తుగా కాదనమంటే రాదు. ఇంట్లోనే చిన్నచిన్న విషయాల్లో "వద్దు" అనే మాటను గౌరవించడం మొదలుపెట్టండి: ఈ కూర వద్దు, ఈ చొక్కా వద్దు, మావయ్య ఒళ్లో కూర్చోను. శరీర భాగాలకు అసలు పేర్లే నేర్పండి. ఎవరికి ఏది చెప్పాలో నమ్మదగిన ముగ్గురి ఫొటోలతో చూపించండి.

డబ్బుకు విడిగా ఒక ఖాతా తెరిచి, అందులో వారానికి సరిపడా రెండు మూడు వందలే వేయండి. యూపీఐ ఆ ఖాతాకే కలపండి. పిన్ అనేది డబ్బు పంపడానికే తప్ప తీసుకోవడానికి ఎప్పుడూ అక్కర్లేదు. ఈ ఒక్క వాక్యాన్ని ఫోన్ కవరు వెనుక పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.