అరకులో భూమి గొడవ: వన్ ఆఫ్ సెవెంటీ వెనక కథ

2025 ఫిబ్రవరిలో గిరిజన సంఘాల పిలుపుతో విశాఖ ఏజెన్సీలో బంద్ జరిగింది. పర్యాటకం పెరగాలంటే, ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి అమ్మకుండా ఆపే 1/70 (వన్ ఆఫ్ సెవెంటీ) చట్టాన్ని సవరించాలన్న అర్థం వచ్చేలా శాసనసభ స్పీకర్ మాట్లాడటమే దానికి కారణం. చట్టాన్ని తీసేసే ఆలోచన లేదని చివరికి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడే చెప్పాల్సి వచ్చింది. నాలుగు హోటళ్లు వస్తే అక్కడివాళ్లకే ఉద్యోగాలు కదా, ఎందుకీ గొడవ అని మైదానంలో చాలామంది అనుకున్నారు. ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే అరకులో ఎవరుంటారో, ఎవరు ఎప్పుడు వచ్చారో చూడాలి.

విశాఖపట్నం నుంచి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న చిన్న ఊరు అరకు. దాని చుట్టూ ఉన్న పల్లెల్లో బగతలు, కొండదొరలు, కోటియాలు, వాల్మీకులు, పోర్జలు, కోదులు, గదబలు ఉంటారు. పక్కనే ఒడిశా కోరాపుట్ జిల్లా. అందుకే చాలా ఇళ్లలో ఆదివాసీ ఒడియా, కోదుల ఊళ్లలో కువి వినిపిస్తాయి. సంతలో, ఆఫీసులో, బడిలో మాత్రం తెలుగే. ఈ తెగలన్నీ ఒకే మెట్టు మీద లేవు. పాత ముఠాదారీ రోజుల్లో, ముఠా అనే ఊళ్ల గుంపు నుంచి శిస్తు వసూలు చేసే ముఠాదారులు చాలాచోట్ల బగతలే. కోదు, గదబ, పోర్జలను ప్రభుత్వం ఈనాటికీ ప్రత్యేకంగా వెనుకబడిన తెగలుగా గుర్తిస్తోంది. టూరిస్టులు థింసా ఆట చూసి, ఫొటో దిగి వెళ్లిపోతారు. ఈ తేడాలు వాళ్లకు కనిపించవు.

బ్రిటిష్ వాళ్లు 1839లోనే ఈ కొండలను మామూలు చట్టాల నుంచి విడదీసి, కలెక్టర్‌ను ఏజెంటుగా పెట్టి పాలించారు. ఏజెన్సీ అనే పేరు అలా వచ్చిందే. అయినా షావుకార్లు కొండెక్కడం ఆగలేదు. ఉప్పు, గుడ్డ, సారా అరువిచ్చి, పంట చేతికొచ్చే వేళకు పొలం రాయించుకునేవాళ్లు. దాన్ని ఆపడానికి 1917లో ఒక చట్టం తెచ్చారు. స్వాతంత్ర్యం తర్వాత 1959లో ఆంధ్రప్రదేశ్ భూ బదలాయింపు నిబంధన వచ్చింది. కానీ గిరిజనేతరులు తమలో తాము అమ్ముకోవడానికి అందులో అడ్డు లేదు. ఒకసారి చేజారిన భూమి అలా చేతులు మారుతూనే పోయింది.

ఆ దారి మూసుకోవడానికి రక్తం చిందాల్సి వచ్చింది. 1967 అక్టోబరు 31న శ్రీకాకుళం ఏజెన్సీలోని లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు హతమయ్యారు. కమ్యూనిస్టు నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం నడిపిన గిరిజన పోరాటం ఆ తర్వాత సాయుధ బాట పట్టింది. దాని మూలంలో ఉన్నవి భూమి, అప్పు. 1970 ఫిబ్రవరి 3న 1959 నిబంధనను బిగించారు. 1970 నాటి ఒకటో నిబంధన కనుక అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనేది దీన్నే. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే రాజ్యాంగం కింద ప్రత్యేకంగా గుర్తించిన గిరిజన ప్రాంతంలో, స్థిరాస్తిని గిరిజనుడికి లేదా గిరిజనుల సహకార సంఘానికి తప్ప ఎవరికీ అమ్మడానికి వీల్లేదు. అమ్మేది గిరిజనేతరుడైనా సరే. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. గిరిజనేతరుడి చేతిలోని భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది, కాదని అతనే రుజువు చేసుకోవాలి. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది.

ఈ చట్టాలు గట్టిపడుతున్న కాలంలోనే అరకు తలుపులు ఇంకోవైపు నుంచి తెరుచుకున్నాయి. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి 1960లలో కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం వేశారు. సొరంగాలు తవ్వడానికి, పట్టాలు వేయడానికి, స్టేషన్లు నడపడానికి మైదానం నుంచి జనం వచ్చారు. వాళ్ల వెనకే టీ కొట్లు, కిరాణా, లాడ్జీలు. తర్వాత టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ సిబ్బంది. 2017లో అద్దాల పెట్టెల రైలు మొదలయ్యాక శీతాకాలం శని, ఆదివారాల్లో ఊరు కిక్కిరిసిపోతోంది.

అలా ఊరి రూపం కుదిరింది. భూమి కాగితాల మీద గిరిజనుడిది, గల్లాపెట్టె దగ్గర కూర్చునేది చాలాచోట్ల మైదానపు మనిషి. లీజులు, నోటిమాట ఒప్పందాలు, బినామీ పేర్లు, గిరిజన మహిళను పెళ్లాడి ఆమె పేరున ఆస్తి పెట్టడం, ఇవన్నీ ఏజెన్సీలో అందరికీ తెలిసినవే. రెండు తరాలుగా ఇక్కడే పుట్టి పెరిగిన గిరిజనేతర కుటుంబాలూ ఉన్నాయి. ఇల్లు కొనుక్కోలేమన్న వాళ్ల బాధ అబద్ధం కాదు. కానీ నా దృష్టిలో రెండు నష్టాలూ సమానం కావు. వాళ్లకు మైదానంలో కొనుక్కునే దారి ఉంది. పొలం పోయిన గదబ కుటుంబానికి ఇంకో కొండ లేదు.

చట్టం కాగితానికే పరిమితమని అనేవాళ్లు బొర్రా వైపు చూడాలి. అక్కడ అనంతగిరి మండలంలో ప్రైవేటు కంపెనీలకిచ్చిన మైనింగ్ లీజులపై గిరిజన హక్కుల కోసం పనిచేసే సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఈ నిబంధనలోని ‘వ్యక్తి’ అన్న మాట కిందికి ప్రభుత్వం కూడా వస్తుందని, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని 1997 జులైలో తీర్పు వచ్చింది. రిసార్టుల కోసం సవరణ అడిగేవాళ్లకు ఎదురయ్యే అసలు గోడ ఇదే.

ఉద్యోగాల మాట తీసుకుంటే నమ్మకం ఇంకా సన్నగిల్లింది. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇళ్లలో పిల్లల తల్లి భాష తెలిసిన టీచర్ బడిలో ఉండాలన్న కోరిక అప్పటినుంచీ గాల్లోనే ఉంది. ఒక రక్షణ పోయిన చోట ఇంకో రక్షణను కదుపుతామంటే జనం రోడ్డెక్కరా?

పర్యాటకం వద్దని ఆ బంద్‌లో ఎవరూ అనలేదు, భూమి మాత్రం మాదే అన్నారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాఫీ పండించేది చిన్న కమతాల గిరిజన రైతులే, తోటలు వాళ్ల చేతిలోనే ఉన్నాయి. హోటళ్లు కూడా అలా గిరిజన సంఘాల చేతిలో నడవడానికి 1/70లో ఎలాంటి అడ్డూ లేదు. వాళ్లకు కావాల్సింది బ్యాంకు అప్పు, శిక్షణ. అవి అడిగితే మాత్రం చట్టం సంగతి ముందుకొస్తోంది.