ఆకు పొడి నుంచి హుడ్ గొట్టం దాకా: పర్‌క్లోరిక్ ఆమ్లం వెనుక కథ

వరంగల్ పరిసరాల్లో పత్తికి, మిరపకు భాస్వరం, పొటాషియం ఏ మేరకు అందుతున్నాయో తేల్చాలంటే, ముందుగా ఎండిన ఆకు పొడిలోని సేంద్రియ పదార్థమంతా నశించి ఖనిజాలు ద్రావణంలోకి రావాలి. ఆ పనికి వ్యవసాయ ప్రయోగశాలలు ఏళ్ల తరబడి వాడుతున్నది నత్రికామ్లం, పర్‌క్లోరిక్ ఆమ్లం 9:4 పాళ్లలో కలిపిన డై-యాసిడ్.

పర్‌క్లోరిక్ ఆమ్లాన్ని 1816లో వాన్ స్టాడియన్ కనుగొన్నాడు. విశ్లేషకులను దీనివైపు తిప్పింది దాని రెండు స్వభావాలు. చల్లగా, పలుచగా ఉన్నప్పుడు ఇది కేవలం బలమైన ఆమ్లం. 203 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే 72 శాతం ఆమ్లం వేడెక్కితే మాత్రం ఎంతటి మొండి సేంద్రియ పదార్థాన్నయినా ఆక్సీకరిస్తుంది. పైగా దీని లవణాలు చాలా వరకు నీటిలో కరుగుతాయి కనుక, గంధకామ్లంతో వచ్చినట్లు కాల్షియం అవక్షేపంగా దిగిపోదు. పొటాషియం లవణం ఒక్కటి చల్లని నీటిలో అంతగా కరగదు. పలుచన చేసేటప్పుడు ఈ సంగతి మరిచినవారికి లెక్క తక్కువగా వస్తుంది.

1947 ఫిబ్రవరి 20న లాస్ ఏంజెలెస్‌లో, అల్యూమినియంకు మెరుగు పెట్టే కర్మాగారంలో, ఈ ఆమ్లాన్ని ఎసిటిక్ అన్‌హైడ్రైడ్‌తో కలిపిన తొట్టి పేలి 17 మంది చనిపోయారు. ఫార్మసీ విద్యార్థులు నిర్జల టైట్రేషన్ (నీటికి బదులు వేరే ద్రావకంలో మందు పాళ్లను కొలిచే పద్ధతి) కోసం 0.1 నార్మల్ ద్రావణం తయారుచేసేటప్పుడు ఈ రెండూ కలుస్తాయి. ముందుగా గ్లేషియల్ (నీరు దాదాపు లేని) ఎసిటిక్ ఆమ్లంలో పలుచన చేసి, అన్‌హైడ్రైడ్‌ను చల్లగా, కొద్దికొద్దిగా కలపమనడం అందుకే.

మరో ప్రమాదం కంటికి కనబడనిది. ఆమ్లపు ఆవిరి హుడ్ (ప్రయోగశాలలో పొగను, ఆవిరిని బయటికి లాగే అర) గొట్టాల్లో చల్లబడి పర్‌క్లోరేట్ లవణాలుగా పేరుకుంటుంది. ఏళ్ల తర్వాత మరమ్మతుకు వచ్చిన మనిషి సుత్తి దెబ్బకు అవి పేలవచ్చు. గొట్టం లోపల నీళ్లు చల్లి కడిగే ప్రత్యేక హుడ్లు అలా వచ్చాయి. నేను చదువుకున్న కళాశాలలో ఇలాంటి హుడ్ లేదు. మామూలు హుడ్‌లో, చెక్క బల్ల మీదే డైజెషన్ (పొడిని ఆమ్లంలో వేడిచేసి కరిగించడం) చేసేవాళ్లం. ఆ నిర్లక్ష్యాన్ని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

పద్ధతిలో మాత్రం మా గురువులు రాజీపడలేదు. ఒక గ్రాము పొడిని రాత్రంతా నత్రికామ్లంలో నానబెట్టించేవారు. నూనె ఉండే మిరప గింజలకైతే ఇది మరీ ముఖ్యం. మర్నాడు ఎర్రటి పొగ పూర్తిగా తగ్గాకే డై-యాసిడ్ పోయనిచ్చేవారు. చిక్కని తెల్లని పొగ లేచి, అడుగున రెండు మూడు మిల్లీలీటర్ల తేట ద్రావణం మిగలగానే, ఇంకా తడి ఉండగానే ఫ్లాస్కును దించేసేవాళ్లం.