ముఖం మీద చదును పులిపిర్లు: అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నంలో చర్మవైద్యం చేస్తున్న నా దగ్గరికి చదును పులిపిర్లతో వచ్చేవారిలో చాలామందికి తమకున్నవి పులిపిర్లని తెలియదు. మన ఇళ్లలో పులిపిరి అంటే మెడ మీద వేలాడే కండ, లేదా వేలి మీద గరుకుగా లేచిన కాయ. ఇది ఆ రెండింటిలానూ ఉండదు. 1 నుంచి 5 మిల్లీమీటర్ల వెడల్పుతో, చర్మం రంగులోనో గోధుమ రంగులోనో, వేలితో తడిమితే తప్ప తెలియనంత తక్కువ ఎత్తులో, నుదుటి మీద, బుగ్గల మీద, చేతుల వెనక, మోకాళ్ల కింద గుంపుగా వస్తుంది. మొటిమలనో చెమటకాయలనో పొరబడి చేసే పనులతోనే అసలు చిక్కు మొదలవుతుంది.

అపోహ: ఒంట్లో వేడి వల్ల, మన ఊరి ఉక్కపోత వల్ల వస్తాయి.

వాస్తవం: వీటికి కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ), ముఖ్యంగా అందులోని 3, 10 రకాలు. చర్మంపై కంటికి కనిపించని చిన్న గీతల ద్వారా అది లోపలికి చేరుతుంది. పులిపిర్లు బయటపడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కాబట్టి వంకాయ మానేయనక్కర్లేదు, చేపల పులుసూ మానేయనక్కర్లేదు.

అపోహ: గీకేస్తే, గట్టిగా రుద్దితే రాలిపోతాయి.

వాస్తవం: రాలిపోవు, గీత పడినచోటల్లా కొత్తవి నాటుకుంటాయి. గడ్డం గీసుకునే యువకుల దవడ మీద పులిపిర్లు బ్లేడు నడిచిన దారినే వరుస కట్టి ఉండటం తరచూ చూస్తాను. రోగ నిర్ధారణకు నాకు ఆ వరుసే పెద్ద ఆధారం. పైపెదవి మీద త్రెడింగ్ చేయించుకునేవారికీ, గోళ్లతో గిల్లుకునే పిల్లలకూ, స్క్రబ్‌తో రోజూ ముఖం తోముకునేవారికీ జరిగేది ఇదే. తగ్గేవరకు బ్లేడుకు బదులు ట్రిమ్మర్ వాడటం, తువ్వాలు, రేజరు ఎవరివి వారికే ఉంచుకోవడం మేలు.

అపోహ: మచ్చలు పోగొట్టే క్రీము రాస్తే సరిపోతుంది.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే ఆ క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన తొలి రోజుల్లో ముఖం తేటగా కనిపించినా, అక్కడి చర్మపు రోగనిరోధక శక్తి తగ్గి, పదిగా ఉన్న పులిపిర్లు వందకు చేరుతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ పూత మందులను వైద్యుల చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చినా, పక్కింటివారి ట్యూబు తెచ్చి రాసుకునే అలవాటు మాత్రం పోలేదు. కాలి ఆనెలకు వాడే ఆమ్లపు ద్రావణాన్ని ముఖానికి పూసుకుని, పులిపిరి కన్నా నల్లని మచ్చతో వచ్చినవారూ ఉన్నారు.

అపోహ: జిల్లేడు పాలు, సున్నం పెడితే మాడిపోతాయి.

వాస్తవం: మాడేది చర్మం. జిల్లేడు పాలు కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర దెబ్బతిని చూపు మసకబారవచ్చు.

అపోహ: హెచ్‌పీవీ అన్నారంటే క్యాన్సరే.

వాస్తవం: ఈ వైరస్‌లో 200కు పైగా రకాలున్నాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమైన 16, 18 రకాలు వేరు, ఇవి వేరు. ఆ క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాలు 3, 10 రకాలను ఉద్దేశించి చేసినవీ కావు. అయితే పెద్దవారిలో ఒళ్లంతా విపరీతంగా వ్యాపిస్తే, రోగనిరోధక శక్తి తగ్గిందేమోనని పరీక్షలు చేయిస్తాము.

అపోహ: ఎర్రబడి దురద పెడుతున్నాయంటే ముదిరినట్టే.

వాస్తవం: చాలాసార్లు ఇందుకు విరుద్ధం. నెలలు, ఒక్కోసారి రెండు మూడేళ్లు గమ్మున ఉన్న పులిపిర్లు, శరీరం వైరస్‌ను గుర్తించి ఎదురుతిరిగినప్పుడు ఒక్కసారిగా ఎర్రబడి, కాస్త ఉబ్బి, కొన్ని వారాల్లో మాయమవుతాయి. అంతవరకు ఆగలేనివారికి రాత్రిపూట పలుచగా రాసే ట్రెటినాయిన్ అనే పూత మందు ఇస్తాము; ఫలితానికి రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి, పగలు ఎండ తగలకుండా చూసుకోవాలి, గర్భిణులు వాడకూడదు. ద్రవ నత్రజనితో గడ్డకట్టించడం, విద్యుత్తుతో తేలికగా కాల్చడం వంటి పద్ధతులూ ఉన్నాయి గానీ, మన చామనఛాయ ముఖాల మీద మచ్చ మిగలవచ్చు కనుక నేను వాటిని ఆచితూచి చేస్తాను. గాజువాక నుంచి వచ్చిన ఒక ఇంటర్ విద్యార్థిని ముఖం ఎర్రబడిందని కంగారుపడుతూ స్టెరాయిడ్ ట్యూబు చేత్తో పట్టుకునే వచ్చింది. ఆ ట్యూబు మూత తీయవద్దని, నెల తరువాత రమ్మని మాత్రమే చెప్పి పంపాను. వచ్చేసరికి నుదుటి మీద రెండే మిగిలాయి.