దాహం తీరిందని సంబరపడకండి

ఎండాకాలంలో మా శ్రీకాకుళం ఓపీలో రోజూ వినే మాట: "బాబూ, బిందెడు నీళ్లు తాగీసినాను, నీరసం మాత్రం పోలేదండి."

అపోహ: దాహం గొంతులో పుడుతుంది.
వాస్తవం: పుట్టేది మెదడులో. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగం ముందువైపున కొన్ని కణాలు రక్తంలో సోడియం (ఉప్పులో ఉండేదే) పాళ్లను నిత్యం కనిపెట్టుకుని ఉంటాయి. రక్తం ఒకటి రెండు శాతం చిక్కబడితే చాలు, దాహం వేస్తుంది. నీళ్లు వదలొద్దని వాసోప్రెసిన్ హార్మోన్ ద్వారా కిడ్నీలకూ కబురు వెళుతుంది. తమాషా ఏమిటంటే, తాగిన నీళ్లు రక్తంలో కలవడానికి పది నిమిషాలైనా పడుతుంది, దాహం మాత్రం చెంబు దించేలోపే తగ్గుతుంది. నోరు, గొంతు, పేగులు చెప్పినదాన్ని నమ్మి మెదడు ముందే లెక్క తేల్చేస్తుంది.

అపోహ: దాహం తీరితే ఒంట్లో అంతా సర్దుకున్నట్టే.
వాస్తవం: నౌపడ ఉప్పు మడుల్లో పొద్దంతా చెమటోడ్చినవాళ్లకు నీళ్లతో పాటు ఉప్పూ పోతుంది. ఉత్త నీళ్లతో దాహం తీరుతుంది, పోయిన ఉప్పు రాదు. అలాంటి రోజున ఉప్పేసిన గంజో, మజ్జిగో, చోడి అంబలో తాగమంటాను. విరేచనాలతో ఇంకో చిక్కు. నీరూ ఉప్పూ కలిసే పోతాయి కాబట్టి రక్తం అంతగా చిక్కబడకపోవచ్చు. అప్పుడు రక్తం పరిమాణం పది శాతం దాకా తగ్గితే గానీ దాహం గట్టిగా వేయదు. "పిల్లాడు నీళ్లు అడగలేదండి" అంటే నాకు టెన్షన్ మొదలయ్యేది అందుకే. లీటరు ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో కలిపి, అడగకపోయినా కొంచెం కొంచెంగా పట్టండి. ముసలివాళ్లకు దాహమే మొద్దుబారుతుంది, వాళ్లకూ మీరే గుర్తుచేయాలి.

అపోహ: ఉప్పు చాలకపోతే నాలుకే అడుగుతుంది.
వాస్తవం: మేకలకు అడుగుతుంది. మనిషికి ఆ ఆకలి బలహీనం. ఎండుచేప మీదికి మనసు పోవడం చాలావరకు అలవాటే. అయితే 1940లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన కేసు నేను మరువలేను. ఒంట్లో ఉప్పు నిలిచేలా చూసే అడ్రినల్ గ్రంథులు (కిడ్నీల మీద ఉంటాయి) చెడిన మూడున్నరేళ్ల బాబు ఉప్పును దోసిళ్లతో తినేవాడు. ఆసుపత్రిలో మామూలు భోజనం పెట్టారు, వారంలో పోయాడు. కాబట్టి ఎవరికైనా కొత్తగా ఉప్పు యావ మొదలై, బరువు తగ్గి, నిలబడితే కళ్లు తిరుగుతుంటే తీసుకురండి.

ఇక ఉద్దానం వైపు కిడ్నీ రోగులకు ఒక్క మాట. పైన చెప్పిన గంజి, ఓఆర్ఎస్ మీకు కాదు. నీళ్లెంతో, ఉప్పెంతో మిమ్మల్ని చూస్తున్న డాక్టరునే అడగండి.