ఆ టికెట్ దాచుకోకండిరా

ఒరేయ్ పెద్దోడా, చిన్నోడా, బుజ్జమ్మా,

మీకు తెలుగు చదవడం కష్టమని తెలుసు, కానీ ఇంగ్లీషులో రాస్తే నేను మాట్లాడినట్టు ఉండదు, అందుకే ఇలాగే రాస్తున్నా, అర్థం కానిచోట మీ అమ్మని అడగండి. మొన్న శనివారం పొద్దున్నే ఎక్కడికెళ్ళావు తాతా అని అడిగారు గదా, గుడికి అని అబద్ధం చెప్పా. నేను వెళ్ళింది పొగాకు క్లాసుకి. ఈ వయసులో నాకెందుకంటే నాకు కాదు, మనకి తెలిసినవాళ్ళ అబ్బాయి ఒకడు, పదహారేళ్ళు, పేరు చెప్పను, చెప్తే మీరు వాణ్ణి ఏడిపిస్తారు. స్కూల్ బాత్రూంలో వేప్‌తో, అంటే ఈ-సిగరెట్‌తో దొరికాడు, కోర్టుకి రమ్మని టికెట్ రాసి చేతిలో పెట్టారు. వీడు ఆ కాయితాన్ని మూడు వారాలు బ్యాక్‌ప్యాక్ అడుగున కుక్కుకుని తిరిగాడు, ఆ తర్వాత బయటపడింది, ఇక ఇంట్లో రామాయణం. వాళ్ళ నాన్న ఊళ్ళో లేడు, వాళ్ళ అమ్మకి కోర్టంటేనే కాళ్ళు వణుకుతాయి, అంకుల్ మీరు కూడా రండి అంది, సరే అని వెళ్ళా.

నాకు తెలిసిన కోర్టులన్నీ పాత సినిమాల్లోవే, బోను, సుత్తి, ఆర్డర్ ఆర్డర్. ఇది ఊరి మునిసిపల్ కోర్టు, ట్రాఫిక్ టికెట్లు చూసేదే, స్కూల్ క్లాస్‌రూంలా ఉంది. ఇక్కడ టెక్సస్‌లో 17 నిండని పిల్లల్ని ఒంటరిగా నిలబెట్టి జడ్జి విచారించరు, అమ్మనో నాన్ననో రమ్మని సమన్లు పంపుతారు. అంటే మనవాడు మూడు వారాలు పడ్డ అవస్థంతా ఊరికే, ఎలాగూ వాళ్ళ అమ్మకి తెలిసేదే.

ఇప్పుడు అసలు రూల్ ఏంటో చెప్తా. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో పొగాకు, వేప్ కొనడానికి 21 నిండాలి, అదే ఏడాది డిసెంబర్ 20న దేశం మొత్తానికీ 21 చేసేశారు. రెండిట్లో ఒక తేడా ఉంది, చాలామంది పెద్దవాళ్ళకే తెలీదు. ఫెడరల్ చట్టం అమ్మినవాణ్ణి పట్టుకుంటుంది, కొన్న పిల్లాడి జోలికి పోదు. టెక్సస్ చట్టం ఇద్దర్నీ పట్టుకుంటుంది, 21 లోపువాళ్ళు కొన్నా, జేబులో పెట్టుకున్నా, తాగినా, దొంగ ఐడీ చూపించినా నేరమే, 100 డాలర్ల దాకా ఫైన్. షాపువాళ్ళు కూడా ఇప్పుడు 30 ఏళ్ళలోపు ఎవరొచ్చినా ఫొటో ఐడీ చూడాలి, 2024 సెప్టెంబర్ 30 నుంచి దేశమంతా ఈ రూల్. నన్నెవరూ అడగరు, ఈ నెత్తి చూస్తే అర్థమైపోతుంది.

కానీ జడ్జి మొదట్లోనే ఫైన్ కట్టమనరు, అదీ అసలు సంగతి. శిక్ష వేసి, దాన్ని పక్కనపెట్టి, క్లాసుకి వెళ్ళమంటారు, ఈ-సిగరెట్, పొగాకు గురించి రాష్ట్రం ఒప్పుకున్న క్లాసు. 18 లోపు పిల్లలైతే అమ్మానాన్నల్ని కూడా కూర్చోమనే అధికారం జడ్జికుంది. పల్లెటూళ్ళలో అలాంటి క్లాసు అందుబాటులో లేకపోతే 8 నుంచి 12 గంటలు సేవ చేయాలి, అది కూడా పొగాకుకి సంబంధించిన పనే. తీర్పు వచ్చిన రోజు నుంచి 90 రోజుల్లోపు పూర్తి చేసినట్టు కాయితం తెచ్చి ఇస్తే, మొదటిసారి అయితే కేసు కొట్టేస్తారు, ఫైన్ కట్టక్కర్లేదు. అయితే మళ్ళీ దొరికితే మాత్రం కొట్టేసిన ఆ పాత కేసు లేచి కూర్చుంటుంది, దాన్ని కూడా లెక్కేస్తారు, అప్పుడు క్లాసుకెళ్ళినా ఫైన్ మహా అయితే సగానికి తగ్గుతుంది, పోదు. ఇక కోర్టుకే వెళ్ళకుండా, జడ్జి చెప్పింది చేయకుండా ఎగ్గొడితే డ్రైవింగ్ లైసెన్స్ మీదకొస్తుంది, పెద్దోడా నీకు ఈ ముక్క బాగా ఎక్కుతుంది. టికెట్ చిన్నదేరా, దాన్ని దాచడమే దాన్ని పెద్దది చేస్తుంది.

క్లాసులో నేను వెనక బెంచీలో కూర్చున్నా. చెప్పే అమ్మాయి తిట్టలేదు, కుళ్ళిన ఊపిరితిత్తుల బొమ్మలు చూపించి భయపెట్టలేదు, ఒకటే అడిగింది, మొట్టమొదట మీకు ఎవరిచ్చారు అని. పదిమంది పిల్లలుంటే ఒక్కడు కూడా షాపులో కొన్నాననలేదు. అన్న, సీనియర్, ఫ్రెండు వాళ్ళ అన్న. అప్పుడు నాకు ఈ 21 ఎందుకో వెలిగింది. పద్దెనిమిదేళ్ళవాడు ఇంకా హైస్కూల్లోనే ఉంటాడు, వాడు కొని పదిహేనేళ్ళవాడికి ఇస్తాడు, ఇరవై ఒకటైతే ఆ సరఫరా తెగిపోతుంది. మసాచుసెట్స్‌లో నీడమ్ అనే చిన్న ఊరు 2005లోనే ఇది చేసింది, రాష్ట్రాల్లో మొదటిది హవాయి, 2016లో.

అందరూ చేస్తున్నారు తాతా అని మీరంటారు. 2019లో హైస్కూల్ పిల్లల్లో నూటికి 27 మంది పైనే వేప్ వాడుతున్నామని సర్వేలో చెప్పారు, 2024 సర్వేలో నూటికి 8 మంది కూడా లేరు. అందరూ అంటే ఎవర్రా?

నాకు ఈ విషయంలో నీతులు చెప్పే మొహం లేదులే. చిన్నప్పుడు మా నాన్నకి చుట్టలు తెచ్చింది నేనే, కొట్టువాడు ఏరా ఎన్నేళ్ళని ఒక్కసారీ అడగలేదు, చిల్లరతో పాటు చాక్లెట్ కూడా ఇచ్చేవాడు. మా ఉత్తరాంధ్ర వైపు ముసలమ్మలు అడ్డపొగ తాగేవాళ్ళు, అంటే చుట్ట వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని, అంగిలి కాలిపోయి కేన్సర్లొచ్చేవి, అయినా మానలేదు. చుట్టని చూస్తేనే ఘాటు, మొదటి పీల్పుకే దగ్గొచ్చి కళ్ళనీళ్ళు కారేవి, శరీరం వద్దురా అని చెప్పేది. మీ వేప్‌లో ఆ అదృష్టం కూడా లేదు, నికోటిన్‌ని సాల్ట్ రూపంలో చేసి గొంతు మండకుండా, మామిడిపండు వాసన పెట్టి ఇస్తున్నారు, ఎంత లోపలికి పోతోందో తెలీదు. మెదడు పాతికేళ్ళ దాకా ఇంకా తయారవుతూనే ఉంటుంది, ఆ వయసులో అలవాటైంది గట్టిగా పట్టుకుంటుంది. నేను ముప్పై ఏడో ఏట పొగ మానేశా, ఇప్పటికీ వాన పడితే చెయ్యి జేబు వైపు వెళ్తుంది.

ఇంకొకటి, ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. ఎవడైనా వేప్ పెన్ ఇస్తే అందులో ఏముందో మీకు తెలీదు. నికోటిన్ అయితే పైన చెప్పిన క్లాసు కథ. టీహెచ్‌సీ ఆయిల్, అంటే గంజాయిలో మత్తెక్కించే సరుకు, అయితే టెక్సస్‌లో అది పొగాకు కేసే కాదు, డ్రగ్స్ కేసు, గ్రాము కంటే తక్కువున్నా ఫెలనీ, అంటే పెద్ద నేరం, పైగా ఇక్కడ 17 నిండితే క్రిమినల్ కేసుల్లో పెద్దవాడి కిందే లెక్క. అక్కడ క్లాసుకెళ్ళి కాయితం తెస్తే కొట్టేస్తామనే మాట ఉండదు. ఫ్రెండు పెన్ కాసేపు దాచిపెట్టడం కూడా దగ్గర పెట్టుకోవడమే, నాది కాదు అంటే పోలీసు నవ్వుతాడు.

మనవాడికి సర్టిఫికెట్ వచ్చింది. 90 రోజుల్లో ఇంకా 22 రోజులున్నాయి, వాళ్ళమ్మకి డ్యూటీ, అందుకని కోర్టు కిటికీలో ఇచ్చి రావడానికి నేనే ఒప్పుకున్నా. పెద్దోడా, నీకు లైసెన్స్ వచ్చింది గదా, సోమవారం స్కూల్ అవగానే కారు తీసుకుని ఇటు రా, అయిదింటికి మూసేస్తారు. కవరు అంటించేశాను, పేరు చూడాలని తిప్పలు పడకు.

మీ తాతయ్య