ఎక్స్‌పార్టీ డిక్రీ కొట్టేయించే పిటిషన్ వెనక ఉన్న చరిత్ర

మన సిక్కోల్లో (శ్రీకాకుళం జిల్లాలో) ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు హైదరాబాదుకో చెన్నైకో వలసపోయినోళ్ళు ఎంతమందో మీకూ తెలుసు, అలాంటోడి మీద ప్రోనోటు దావా పడితే సమన్లు ఇక్కడి ఇంటికే వస్తాయి, వాయిదాకి ఎవరూ వెళ్ళరు, కోర్టు ఎక్స్‌పార్టీ చేసేస్తుంది, అంటే అతను లేకుండానే కేసు నడిపేస్తుంది, తర్వాత డిక్రీ, అంటే తీర్పు ప్రకారం ఇచ్చే ఉత్తర్వు, చివరికి ఈపీలో, అంటే ఆ డిక్రీ అమలు చెయ్యమని వేసే పిటిషన్లో, జప్తుకి వచ్చినప్పుడు గానీ విషయం తెలీదు. తీర్పు అయిపోయింది కదా ఇంకేం చేస్తాం అని చాలామంది అక్కడే ఆగిపోతారు, నాకు బాధనిపించేది అదే.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనే దీనికి దారి ఉంది. కేసు నడుస్తుండగా అయితే ఆర్డర్ 9 రూల్ 7 కింద, డిక్రీ అయ్యాక అయితే రూల్ 13 కింద పిటిషన్. ఒకసారి ఎక్స్‌పార్టీ అయితే ఇక కోర్టులో మాట్లాడే హక్కే పోతుందన్న వాదన ఉండేది, 1955లో సంగ్రామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు, మిగతా వాయిదాలకి వచ్చి కేసు నడుపుకోవచ్చంది, జరిగిపోయింది వెనక్కి తిప్పాలంటేనే సరైన కారణం చూపాలి.

అసలు మార్పు 1976 సవరణతో వచ్చింది. అంతకుముందు కోడ్‌లో మనిషి ఇంట్లో లేకపోతే సమన్లు ఆ ఇంట్లో పెద్దవయసు మగాళ్ళకే ఇవ్వాలని ఉండేది. సవరణ తర్వాత, అతను ఇప్పట్లో ఇంటికొచ్చేలా లేకపోతే తల్లికో భార్యకో ఇచ్చినా అందినట్టే. ఆడవాళ్ళని లెక్కలోకి తీసుకోవడం మంచిదే, కానీ కొడుకులంతా వలసపోయిన ఇంట్లో అమ్మ తీసుకున్న కాయితం గూట్లో ఉండిపోతే ఆ దెబ్బ వలసపోయినోడికే తగుల్తుంది. పైగా అదే సవరణలో ఇంకోటి చేర్చారు, వాయిదా సంగతి ముందే తెలిసి, రావడానికి టైం కూడా ఉంటే, సమన్ల జారీలో చిన్న లోపం ఉందని చూపించి డిక్రీ కొట్టేయించుకోలేం.

గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు, సమన్లు సరిగా అందకపోతే డిక్రీ గురించి తెలిసిన రోజు నుంచి. దాటిపోతే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యం మన్నించమని ఇంకో పిటిషన్ వెయ్యాలి, ఎందుకు ఆలస్యమైందో నమ్మేలా చెప్పాలి. ఈ పిటిషన్లు డిక్రీ ఇచ్చిన కోర్టులోనే, అంటే ఊరికి దగ్గర్లోనే వేసుకోవచ్చు. అప్పీలూ వేసుకోవచ్చు గానీ అది విచారించి కొట్టేస్తే రూల్ 13 దారి కూడా మూసుకుపోతుంది.

పిటిషన్ వేసినంత మాత్రాన ఈపీ ఆగదు, స్టే, అంటే అమలు ఆపమనే ఉత్తర్వు, విడిగా అడగాలి. డిక్రీ కొట్టేసేటప్పుడు ఖర్చులు కట్టమనో, కొంత సొమ్ము కోర్టులో జమ చెయ్యమనో షరతు పెట్టొచ్చు, కాబట్టి లాయరుగారి దగ్గరికి వెళ్ళేముందే ఆ డబ్బు సంగతి ఇంట్లో మాట్లాడుకోండి.