సాధికారత కొలబద్దలో కోపానికి చోటెలా దొరికింది?

క్లయింటు మందులు వేసుకుంటున్నారా, మళ్లీ ఆసుపత్రిలో చేరారా, పనికి వెళ్తున్నారా? మానసిక ఆరోగ్య రంగంలో పనిచేసే సోషల్ వర్కర్లు తమ పని ఫలించిందని చూపించడానికి చాలాకాలం ఇలాంటి లెక్కల మీదే ఆధారపడ్డారు. తన బతుకు మీద తనకెంత పట్టు చిక్కిందో, అంటే సాధికారత ఎంత వచ్చిందో ఆ క్లయింటునే అడగాలన్న ఆలోచన ఆలస్యంగా వచ్చింది.

దానికి పునాది వేసినవారిలో ముఖ్యురాలు అమెరికాకు చెందిన సోషల్ వర్క్ ఆచార్యురాలు బార్బరా సాలమన్. నల్లజాతి సమాజాల్లో సోషల్ వర్క్ గురించి 1976లో ఆమె ఓ పుస్తకం రాశారు. మనిషి నిస్సహాయంగా ఉంటే లోపమంతా ఆ మనిషిలో వెతకొద్దనీ, సమాజం వేసిన ముద్రా, అవకాశాలకు అడ్డుపడే వ్యవస్థలూ కలిసి ఆ స్థితి తెచ్చాయనీ ఆమె వాదన. అయితే సాధికారత పెరిగిందని చెప్పడం తేలిక, చూపించడమే కష్టం. 1992లో అమెరికాలోని పోర్ట్‌ల్యాండ్‌లో పరిశోధకులు భావోద్వేగ సమస్యలున్న పిల్లల తల్లిదండ్రుల కోసం 34 అంశాల ప్రశ్నావళి తయారుచేశారు. ఇంట్లో, సేవలందించే సంస్థల దగ్గర, ఊరి వ్యవహారాల్లో వాళ్ల మాట ఎంత చెల్లుతోందో అది విడివిడిగా అడిగింది.

అసలు మలుపు బోస్టన్‌లో వచ్చింది. 1966లో తన ఇష్టం లేకుండా మానసిక ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చిన జూడీ చాంబర్లిన్ తర్వాత రోగుల హక్కుల ఉద్యమ నాయకురాలయ్యారు. బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి ఆమె తయారుచేసిన కొలమానం 1997లో అచ్చయింది. సాధికారత అంటే ఏమిటో ముందుగా తేల్చింది మానసిక సమస్యలున్నవాళ్లు ఒకరికొకరు తోడుగా నడుపుకునే స్వయం సహాయక ఉద్యమంలో ఉన్నవాళ్లే. నిర్ణయాధికారం, సమాచారం, ఒంటరిని కాననే భావనతో పాటు కోపాన్ని గుర్తించి బయటపెట్టడం కూడా వాళ్ల జాబితాలో ఉంది. ఆసుపత్రి ఫారాల్లో సాధారణంగా రోగి కోపం లక్షణాల కిందికే వస్తుంది. ఇక్కడ అది బలం కింద చేరింది.

చివరికి మిగిలినవి 28 వాక్యాలు. ఒక్కోదానికి పూర్తిగా ఒప్పుకోవడం నుంచి అసలు ఒప్పుకోకపోవడం దాకా నాలుగు జవాబులు. 'మనుషులు ఏం చేయాలో చెప్పడానికి నిపుణులే తగినవాళ్లు' అన్న వాక్యానికి తలూపితే స్కోరు తగ్గుతుంది. 'కోపం తెచ్చుకుంటే ఒరిగేదేమీ లేదు' అన్నా అంతే. ఆరు రాష్ట్రాల్లోని ఆరు స్వయం సహాయక కార్యక్రమాల్లో 271 మంది జవాబిచ్చారు. వాళ్ల జవాబుల్లో ఐదు పాయలు తేలాయి. వాటిలో ఒకటి ధర్మాగ్రహం.

సాధికారత స్కోరు ఎక్కువున్నవాళ్ల జీవన నాణ్యత మెరుగ్గా ఉంది. సంప్రదాయ మానసిక వైద్య సేవల వాడకం మాత్రం వాళ్లలో తక్కువ. ఇది సేవలందించే సంస్థలకు మింగుడుపడని ఫలితం. ఒక్కసారి తీసిన లెక్క కాబట్టి ఏది కారణమో, ఏది ఫలితమో తేలదు. ధైర్యం వచ్చి సేవలు తగ్గించుకున్నారేమో, జబ్బు తీవ్రత తక్కువ కాబట్టే ధైర్యంగా ఉన్నారేమో.

మన దగ్గర మహిళల పొదుపు సంఘాల పనితీరుకు కొలబద్ద పంచసూత్రాలు: సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. ఐదూ సంఘం ఆరోగ్యాన్ని చెప్తాయి. తెచ్చిన అప్పు ఎవరి చేతుల్లో ఖర్చయిందో, ఇంట్లో సభ్యురాలి మాట నెగ్గుతోందో లేదో చెప్పవు. కిస్తీ సమయానికి కట్టినంత మాత్రాన సాధికారత వచ్చినట్టేనని రాసుకోవడం నాకు తొందరపాటుగానే కనిపిస్తుంది.

అలాగని అమెరికా ప్రశ్నావళిని తెచ్చి ఇక్కడ నింపిస్తే సరిపోదు. అందరికీ, అన్ని చోట్లకీ పనికొచ్చే ఒకే కొలమానం కోసం వెతకడం సరికాదని అమెరికా మనస్తత్వవేత్త మార్క్ జిమ్మర్‌మన్ 1995లోనే హెచ్చరించారు. బోస్టన్ కొలమానాన్ని తర్వాత పరీక్షించినవాళ్లకు ధర్మాగ్రహం భాగమే చిక్కుతెచ్చింది. ఆ వాక్యాలకు వచ్చే జవాబులు ఒకదానితో ఒకటి సరిగా పొసగలేదు. కోపంతో లాభం లేదన్న మనిషి లొంగిపోయారో, పోరాడి అలసిపోయారో, మనసు కుదుటపడిందో నాలుగు గడులు చెప్పలేవు మరి. గణాంకాల ప్రకారమైతే ఆ భాగాన్ని తీసేయవచ్చు. కానీ క్లయింట్లే తమ జాబితాలో చేర్చిన అంశాన్ని తీసేసే అధికారం ఎవరిదన్నది గణాంకాలతో తేలే సంగతి కాదు.